మరిచిపొమ్మంటే ఎక్కడెక్కడ మరిచిపోవాలి?

కర్నూలులో ఉంటున్న ఒక కూతురు అనుకుందాం. తండ్రికి రెండు కిడ్నీలూ పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇంట్లో వంట ఎలా చేయాలో ఆమె రోజూ ఏఐ అసిస్టెంట్‌ను అడిగేది. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే పొటాషియం తగ్గుతుందని, కొబ్బరినీళ్లు, అరటిపండు జోలికి పోవద్దని అది చెప్పేది. ఒకసారి చెప్పిన సంగతి మళ్లీ చెప్పక్కర్లేకుండా దానికి గుర్తుండేది కూడా. కొన్నాళ్లకు తండ్రి పోయాడు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి సంక్రాంతికి ఆమె అరిసెల పాకం కొలతలు అడిగింది. అది కొలతలన్నీ పద్ధతిగా చెప్పి, చివర్లో ఒక ముక్క కలిపింది: ‘బెల్లంలో పొటాషియం ఎక్కువ, నాన్నగారికి పెట్టేముందు డాక్టరును అడగండి.’

ఆమె సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మెమరీ అన్న చోట ‘తండ్రికి డయాలసిస్ జరుగుతోంది’ అన్న వాక్యం వెతికి పట్టుకుని, పక్కనున్న చెత్తబుట్ట బొమ్మ నొక్కింది. వాక్యం తెర మీద నుంచి మాయమైంది. అసలు పోయిందేమిటి, మిగిలిందేమిటి, ఎక్కడ మిగిలింది అన్నది మాత్రం ఆ బొమ్మ చెప్పదు.

ముందు ఒక అపోహ తీరాలి. మనతో మాట్లాడే లార్జ్ లాంగ్వేజ్ మోడల్‌కు మన గురించి ఏదీ గుర్తుండదు. నిన్న రాత్రి గంటసేపు దానితో గోడు వెళ్లబోసుకున్నా, ఇవాళ పొద్దున అది మనల్ని ఎరగదు. మరి గుర్తున్నట్టు ఎలా మాట్లాడుతుంది? పెద్దాసుపత్రి వార్డులో పూటకొక డ్యూటీ డాక్టరు వస్తుంటారు. మంచం దగ్గర నిలబడి కేస్‌షీట్ తిరగేసి, ‘ఏం పెద్దాయనా, నిన్నటి ఆయాసం తగ్గిందా?’ అని పలకరిస్తారు. రోగికి ఆయన ఏళ్ల తరబడి తెలిసినవాడిలా అనిపిస్తాడు. తెలిసింది డాక్టరుకు కాదు, కేస్‌షీట్‌కు. ఇక్కడా అంతే. మన ప్రశ్న మోడల్‌కు చేరేలోపు, మన గురించి రాసిపెట్టుకున్న నోట్సులోంచి కొన్ని వాక్యాలు తీసి ఆ ప్రశ్నకు పైన అతికిస్తారు. మోడల్ రెండూ కలిపి చదివి జవాబిస్తుంది. ఆ తర్వాత దానికి మనం మళ్లీ కొత్తవాళ్లమే.

అంటే మెమరీ ఉన్నది మోడల్ బయట, మామూలు డేటాబేసులో. చెరపదలచుకున్నవాళ్లకు ఇది మంచి కబురే. బయట ఉన్న కాగితాన్ని చించవచ్చు. మరి ఆ కాగితం ఎన్ని కాపీలుగా ఉందో చూడాలి.

నోట్సు రాసేదెవరు?

ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీకి మెమరీని 2024 ఫిబ్రవరిలో పరీక్షించడం మొదలుపెట్టింది. అప్పట్లో అది ఒక చిన్న జాబితా. ‘శాకాహారి’, ‘కూతురి పేరు ఫలానా’, ‘జవాబులు క్లుప్తంగా కావాలి’ లాంటి వాక్యాలు వరసగా కనిపించేవి. వాడేవాళ్లు వాటిని చదవొచ్చు, తీసేయొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి సంగతి మారింది. ఆ జాబితాతో పాటు, పాత చాట్లన్నింటినీ ఆధారం చేసుకుని జవాబివ్వడం మొదలైంది. గూగుల్ జెమినై, ఆంత్రోపిక్ వారి క్లాడ్ కూడా ఇదే దారి పట్టాయి. జాబితా అయితే కంటికి కనబడుతుంది. పాత చాట్ల నుంచి పిండిన సారాంశం అంత తేలిగ్గా కనబడదు. చెరపడంలో వచ్చే చిక్కుల్లో సగం ఈ తేడా దగ్గరే పుడతాయి.

ఈ నోట్సును మనిషెవరూ కూర్చుని రాయరు. అదీ ఒక మోడల్ పనే. మెమ్‌జీరో అనే వ్యవస్థను తయారుచేసినవాళ్లు 2025లో ఒక పరిశోధన పత్రంలో ఆ పద్ధతి వివరించారు. కొత్త మాటలు వచ్చినప్పుడల్లా వాటిలో దాచదగ్గ విషయముందా అని ఒక మోడల్ చూస్తుంది. ఉంటే, దానికి దగ్గరగా ఉన్న పాత నోట్లను బయటికి లాగుతుంది. అప్పుడు దాని ముందు నాలుగే దారులు: కొత్తగా చేర్చడం, ఉన్నదాన్ని సవరించడం, చెరపడం, ఏమీ చేయకుండా వదిలేయడం. తండ్రి పోయాడని తెలిస్తే డయాలసిస్ నోటును చెరపాలి, లేదా సవరించాలి. సిద్ధాంతం వరకు బాగానే ఉంది.

కానీ మనుషులు ఇలాంటి సంగతులు యంత్రానికి అనువైన వాక్యాల్లో చెప్పరు. మన కర్నూలు కూతురు అసిస్టెంట్‌తో ‘మా నాన్న పోయారు, నోటు మార్చుకో’ అని అనలేదు. పెద్దకర్మ కార్డుకు నాలుగు వాక్యాలు రాసిపెట్టమంది. అది రాసిచ్చింది. దాని లెక్కలో అదొక రాతపని, అంతే. కార్డులో పేరు ఉన్న పెద్దాయనా, డయాలసిస్ చేయించుకుంటున్న ‘నాన్నగారూ’ ఒకరేనని అది ముడిపెట్టలేదు. పాత నోటు అలాగే ఉండిపోయింది.

మనిషి జ్ఞాపకం లాగా కాలం గడిచేకొద్దీ నోటు దానంతటదే పలచబడేలా చేయొచ్చు కదా అని అడగొచ్చు. చేస్తున్నారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 25 పాత్రలున్న ఒక కంప్యూటర్ ఊరిని సృష్టించారు. ఆ పాత్రల జ్ఞాపకాలకు మూడు మార్కులు వేశారు: ఎంత ఇటీవలిది, ఎంత ముఖ్యమైనది, ఇప్పటి సందర్భానికి ఎంత సంబంధించింది. పాతబడేకొద్దీ మొదటి మార్కు తగ్గుతూ పోతుంది. కానీ అక్కడ ఏదీ చెరిగిపోదు, వరసలో వెనక్కి జరుగుతుందంతే. సరిగ్గా ఆ సందర్భం తగిలితే చాలు, మూడో మార్కు పెరిగి పాత నోటు మళ్లీ ముందుకొచ్చి కూర్చుంటుంది. బెల్లం అన్న మాట వినగానే డయాలసిస్ పైకి లేచింది అందుకే. నోటు వెనకబడటం వేరు, లేకపోవడం వేరు.

నొక్కిన తర్వాత

ఇప్పుడు చెత్తబుట్ట బొమ్మ దగ్గరికొద్దాం. పెద్ద సేవల్లో ఒక నోటు ఒకే కంప్యూటర్‌లో ఉండదు. ఒకటి చెడినా పని ఆగకుండా ఒకే సమాచారాన్ని మూడు నాలుగు సర్వర్లలో కాపీలుగా పెడతారు. చెరపమన్న ఆదేశం అన్నింటికీ చేరాలి. ఆ క్షణంలో ఒక సర్వరు కరెంటు పోయో, నెట్‌వర్క్ తెగో పడి ఉందనుకోండి. మిగతా వాటిలో నోటు పోతుంది, దీనిలో ఉంటుంది. గంట తర్వాత అది లేచి, తోటి సర్వర్లతో లెక్క సరిచూసుకుంటుంది. ‘నా దగ్గరున్న ఈ నోటు మీ దగ్గర లేదే, మీకు చేరలేదేమో’ అనుకుని అందరికీ మళ్లీ పంచిపెడుతుంది. చెరిపిన నోటు లేచి కూర్చుంటుంది. ఇంజనీర్లు దీన్ని జాంబీ డేటా అంటారు.

అందుకని ఇలాంటి డేటాబేసులు చెరపమన్నప్పుడు ముందు చెరపవు. ‘ఇది చచ్చింది’ అని ఒక గుర్తు రాస్తాయి. దాని పేరు టూంబ్‌స్టోన్. పడిపోయిన సర్వరు లేచి వచ్చినప్పుడు, నోటు లేకపోవడం కాదు, ఆ గుర్తు కనబడుతుంది. అది చూసి తన కాపీని కూడా వదులుకుంటుంది. కసాండ్రా అనే పేరున్న డేటాబేసులో, ఎవరూ మార్చకపోతే, ఈ గుర్తును 10 రోజులు అలాగే ఉంచుతారు. ఆ తర్వాతే, డిస్కును సర్దే పని నడిచినప్పుడు, గుర్తూ దాని కింది సమాచారమూ నిజంగా పోతాయి. చెరపడం అంటే తీసేయడం అనుకుంటాం. సర్వర్ల లోకంలో మాత్రం అది ముందు ఇంకో ముక్క రాయడంతో మొదలవుతుంది.

బ్యాకప్‌ల కథ ఇంకోటి. అగ్నిప్రమాదం జరిగినా, ఎవరైనా పొరపాటున అంతా తుడిచేసినా తిరిగి నిలబెట్టుకోవడానికి తీసే కాపీలవి. ఒక్కరి ఒక్క నోటు కోసం ఎవరూ వాటిని తెరిచి గాలించరు. వాటి గడువు తీరి మొత్తంగా పోయేదాకా నోటు అందులో ఉంటుంది. గూగుల్ తన క్లౌడ్ సేవల గురించి రాసిన పత్రంలో, బ్యాకప్‌ల నుంచి పూర్తిగా పోవడానికి ఆరు నెలల దాకా పట్టొచ్చని చెప్పింది. చాట్‌జీపీటీ విషయంలో, చెరిపిన మెమరీ తాలూకు లాగ్‌ను భద్రత కోసం, లోపాలు వెతకడం కోసం 30 రోజుల దాకా ఉంచుకోవచ్చని ఓపెన్‌ఏఐ తన సహాయ పేజీల్లో రాసింది. జెమినైలో మనుషులు చదివి పరిశీలించిన సంభాషణలైతే మనం చెరిపినా పోవు. వాటిని ఖాతా నుంచి విడదీసి మూడేళ్ల దాకా ఉంచుతామని గూగుల్ చెబుతోంది. ఇవేవీ దాచిన రహస్యాలు కావు. అయితే చెత్తబుట్ట బొమ్మ పక్కన మాత్రం రాసి ఉండవు.

ఈ బ్యాకప్‌ల చిక్కుకు ఒక చక్కని విరుగుడు ఉంది. ఒక్కొక్కరి సమాచారాన్ని ఒక్కొక్క తాళంచెవితో సంకేత భాషలోకి మార్చి దాచడం. చెరపాల్సి వచ్చినప్పుడు ఆ తాళంచెవిని నాశనం చేస్తే చాలు, ఎన్ని కాపీలు ఎక్కడున్నా అవన్నీ అర్థంలేని చెత్త అవుతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ తన మార్గదర్శకాల్లో దీన్ని చెల్లుబాటయ్యే పద్ధతిగా గుర్తించింది. నా దృష్టిలో మెమరీ ఉన్న ప్రతి అసిస్టెంట్‌కూ ఇది కనీస అర్హత కావాలి.

అంకెల వరస కూడా మాటే

నోటును వాక్యంగా దాచితే సరిపోదు. అరిసెల ప్రశ్న రాగానే దానికి సంబంధించిన నోటును వేల నోట్లలోంచి రెప్పపాటులో వెతికి తీయాలి. అందుకోసం ప్రతి వాక్యాన్నీ ఒక అంకెల వరసగా మారుస్తారు. దీన్ని ఎంబెడింగ్ అంటారు. ఓపెన్‌ఏఐ వారి ఒక ప్రసిద్ధ ఎంబెడింగ్ మోడల్ ప్రతి వాక్యానికీ 1,536 అంకెలు ఇస్తుంది. అర్థం దగ్గరగా ఉన్న వాక్యాల అంకెలు కూడా దగ్గరగా ఉంటాయి. ‘కిడ్నీ జబ్బు’, ‘పొటాషియం’ అన్న మాటలు రెండూ ఒకే పేటలో ఇళ్లు కట్టుకుంటాయి.

చాలాకాలం ఇంజనీర్లకు ఒక ధైర్యం ఉండేది. అసలు వాక్యం చెరిపేశాం, అంకెలు మిగిలితే మిగలనీ, వాటిని చూసి ఎవడేం కనిపెడతాడు అని. 2023లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ధైర్యాన్ని పోగొట్టారు. అంకెల వరస నుంచి వాక్యాన్ని ఊహించి, ఆ ఊహను మళ్లీ అంకెలుగా మార్చి, అసలుతో పోల్చి, తేడా చూసి ఊహను దిద్దుకుంటూ పోయే పద్ధతి తయారుచేశారు. 32 టోకెన్ల (మోడల్ చదివే మాటల ముక్కల) పొడవున్న పాఠాల్లో 92 శాతాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి రాబట్టారు. మెమరీ నోట్లు సరిగ్గా ఆపాటి పొడవే ఉంటాయి. కాబట్టి వాక్యాన్ని తీసేసి అంకెలను వదిలేస్తే చెరిపినట్టు కాదు.

ఆ అంకెలను తీయడమూ తేలిక కాదు. వేగంగా వెతకడం కోసం వాటిని ఒక వలలా అల్లి పెడతారు, ఒక్కో ముడి నుంచి దగ్గరి ముడులకు దారులుంటాయి. వెతుకులాట ముడి నుంచి ముడికి దూకుతూ సాగుతుంది. మధ్యలో ఒక ముడిని పీకేస్తే దాని గుండా పోయే దారులన్నీ తెగుతాయి. అందుకే చాలా వ్యవస్థల్లో ఆ ముడిని అలాగే ఉంచి, జవాబుల్లో మాత్రం చూపించకుండా దాటవేస్తారు. వల మొత్తాన్ని మళ్లీ అల్లినప్పుడు అది నిజంగా పోతుంది. ఆ అల్లిక రేపే జరగొచ్చు, నెలకు జరగొచ్చు.

కంపెనీ చెరపదలచుకున్నా చెరపలేని సందర్భమూ ఉంది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఓపెన్‌ఏఐ మీద వేసిన కాపీరైటు కేసులో, 2025 మే 13న న్యూయార్క్ ఫెడరల్ కోర్టు మేజిస్ట్రేట్ జడ్జి ఓనా వాంగ్ ఒక ఆదేశం ఇచ్చారు. మామూలుగా అయితే చెరిగిపోయే చాట్ జవాబులను చెరపకుండా వేరుగా భద్రపరచమన్నారు. ఆ రోజు నుంచి, చాట్ డిలీట్ చేసి హమ్మయ్య అనుకున్న మామూలు వాడకందారుల మాటలు కేసు కోసం పక్కన పోగుపడ్డాయి. సంస్థలకు అమ్మే ఎంటర్‌ప్రైజ్ ఖాతాలకు మాత్రం ఇది వర్తించలేదు. కొత్తవాటిని అలా దాచాల్సిన బాధ్యత సెప్టెంబరు 26తో ముగిసింది. ఆ నాలుగున్నర నెలలూ తెర మీద బటన్ మాత్రం ఎప్పటిలాగే ఉంది.

నోటు పోయింది, దాని పిల్లలు?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇంజనీరింగ్ చిక్కులు. ఓపిక, డబ్బు పెడితే తీరేవే. అసలు తిరకాసు వేరే ఉంది. ‘తండ్రికి డయాలసిస్’ అన్న ఒక్క నోటు ఊరికే కూర్చోలేదు. నెలల తరబడి ఆ నోటును చదువుకుంటూ అసిస్టెంట్ ఇంకా ఏవేవో రాసుకుంది. ‘ఇంట్లో ఉప్పు తక్కువ వంట ఇష్టపడతారు.’ ‘మంగళ, శుక్రవారాలు పొద్దున తీరిక ఉండదు.’ ‘పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి ఆందోళన ఎక్కువ.’ ‘దూరప్రయాణాలు పెట్టుకోరు.’ వీటిలో ఎక్కడా డయాలసిస్ అన్న మాట లేదు. ఆమె ఆ మాట వెతికి ఒక నోటు చెరిపితే ఈ నాలుగూ చెక్కుచెదరవు. రేపు ఆమె అరకు వెళ్దామని అడిగితే, కారణం చెప్పకుండానే అది కర్నూలు దగ్గర్లో ఏదో చూపిస్తుంది. ఎందుకలా చూపించిందో ఆమెకూ తెలియదు, కారణమైన నోటు పోయింది కాబట్టి దానికీ తెలియదు.

దీనికి మందు లేకపోలేదు. ప్రతి నోటు పక్కనా అది ఏ చాట్ నుంచి, ఏ నోటు నుంచి పుట్టిందో రాసిపెట్టాలి. తల్లి నోటు చెరపగానే ‘దీన్నుంచి పుట్టినవి నాలుగున్నాయి, వాటినీ తీసేయనా?’ అని అడగాలి. అన్నీ తీసేయడం కూడా తప్పే కావొచ్చు. ఆమెకు ఇప్పటికి ఉప్పు తక్కువ వంటే అలవాటై ఉండొచ్చు. అందుకే అడగాలి. డేటాబేసు నిర్మాతలకు ఇలాంటి వంశవృక్షం కొత్త కాదు, బ్యాంకు లెక్కల్లో ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రాసిపెట్టడం మామూలే. చాట్ల నుంచి ఒకేసారి పిండిన సారాంశాల్లో మాత్రం ఏ వాక్యం ఏ మాట నుంచి వచ్చిందో విడదీయడం కష్టం. అలాంటప్పుడు ఉన్న నిజాయితీ గల దారి ఒక్కటే: ఒక చాట్ చెరిపితే సారాంశాన్ని మొత్తంగా పారేసి, మిగిలిన చాట్ల నుంచి మళ్లీ రాయడం. ఖర్చవుతుంది. అవనివ్వండి.

చాట్‌ను మోడల్ శిక్షణకు కూడా వాడి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అప్పుడది నోటుగా ఉండదు, కోటానుకోట్ల అంకెల్లో చల్లుకుపోయి ఉంటుంది. అలా చల్లిన మాటలు ఒక్కోసారి యథాతథంగా తిరిగి రావడమూ ఉంది. జీపీటీ-2 మోడల్‌ను ప్రశ్నించి, శిక్షణలో చదివిన పాఠాలను కక్కించిన పరిశోధన 2020 చివర్లో వచ్చింది. అనుమానించి పరీక్షించిన 1,800 ముక్కల్లో 604 నిజంగా శిక్షణ పాఠాల్లోవేనని తేలింది. వాటిలో మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. శిక్షణ పొందిన మోడల్ చేత ఒక సంగతిని మరిపించే విద్యకు మెషీన్ అన్‌లెర్నింగ్ అని పేరు. 2015 నుంచి దాని మీద పని నడుస్తోంది. 2023లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇద్దరు లామా-2 మోడల్ చేత హ్యారీ పాటర్ పుస్తకాలను మరిపించే ప్రయత్నం చేశారు. అప్పుడు బాగానే మరిచినట్టు కనిపించింది. తర్వాతి ఏడాది ఇంకో బృందం ఇలా మరిపించిన మోడళ్లను పరీక్షిస్తూ, వాటి అంకెలను కుదించి చూసింది. మోడల్‌ను చిన్న కంప్యూటర్లలో నడపడానికి అందరూ చేసే మామూలు పనే అది. 4 బిట్లకు కుదించగానే, అప్పటిదాకా సగటున 21 శాతమే మిగిలిందనుకున్న ‘మరిచిన’ జ్ఞానం 83 శాతానికి తిరిగొచ్చింది. అది మరిచింది కాదు, నోరు మూసుకుంది అంతే. శిక్షణకు నా చాట్లు వాడొద్దు అన్న మీటను ముందే తిప్పుకోవడం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ గడప దాటాక వెనక్కి తెచ్చుకునే నమ్మకమైన దారి ఇంకా ఎవరి దగ్గరా లేదు.

మరిచిపో అంటే రాసుకుంటుంది

మనం సెట్టింగ్స్ దాకా పోము. చాట్‌లోనే ‘నాన్న డయాలసిస్ సంగతి ఇక మరిచిపో’ అంటాం. అది ‘సరే, మరిచిపోయాను’ అంటుంది. నిజంగా చెరిపే పనిముట్టును పిలిస్తే నోటు పోతుంది. పిలవకుండా మర్యాదకు అనేసినా అనొచ్చు. ఇంకో వింత కూడా జరగొచ్చు: ‘తండ్రి డయాలసిస్ గురించి మాట్లాడటం వీరికి ఇష్టం లేదు’ అని కొత్త నోటు రాసుకోవడం. చెరపమన్న సంగతి ఇప్పుడు ఇంకాస్త స్పష్టంగా దాఖలైంది. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా, ఏదీ మరవలేని షెరెషెవ్‌స్కీ అనే మనిషిని ఏళ్ల తరబడి పరిశీలించి పుస్తకం రాశాడు. మరిచిపోవడం కోసం ఆ మనిషి పట్టికలను కాగితాల మీద రాసి కాల్చేసేవాడట. కాలిన కాగితం మీద కూడా అతనికి అంకెలు కనబడేవట.

మన దగ్గర అవధాని సత్తా చివరికి ధారణలో తేలుతుంది. పృచ్ఛకులకు ఇచ్చిన పద్యాలన్నీ ఒక్క పాదం జారకుండా అప్పజెప్పాలి. మరవడానికి ఎవరూ మార్కులు వేయరు. కంప్యూటర్ శాస్త్రంలోనూ అదే ధోరణి. అసిస్టెంట్ల జ్ఞాపకశక్తిని కొలవడానికి 2024లో వచ్చిన లాంగ్‌మెమ్‌ఇవాల్ అనే పరీక్షలో 500 ప్రశ్నలున్నాయి. పాత చాట్లలోంచి విషయం తీయగలదా, తేదీలు పోల్చగలదా, మారిన సంగతిని గమనిస్తుందా, తెలియనిదాన్ని తెలియదంటుందా అని అడుగుతాయి. చెరపమన్నది చెరిపిందా అన్న విభాగం అందులో లేదు. పరీక్ష పెట్టని పాఠాన్ని ఏ పిల్లవాడు చదువుతాడు?

మెమరీ పేజీని అప్పుడప్పుడూ తెరిచి చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. అందులో ఉన్నవన్నీ మనం చెప్పినవే కానక్కర్లేదు. భద్రతా పరిశోధకుడు యోహాన్ రేబర్గర్ 2024లో ఒక లొసుగు బయటపెట్టాడు. చాట్‌జీపీటీ చేత ఒక వెబ్‌పేజీ చదివిస్తే, ఆ పేజీలో దాచిన ఆదేశాలు మెమరీలో అబద్ధపు నోట్లు రాయించగలవు. మన మాటలన్నింటినీ బయటి సర్వరుకు చేరవేయమన్న ఆదేశాన్ని కూడా అలాగే నాటవచ్చని మ్యాక్ యాప్‌లో చూపించాడు. చేరవేసే దారిని ఓపెన్‌ఏఐ తర్వాత మూసింది. కానీ అలా నాటిన నోటు, చాట్ ముగిసినా, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా ఉంటుంది. తీసేదాకా పోదు.

చట్టం సంగతి చూస్తే, మన దేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది. అందులోని 12వ సెక్షన్ మన సమాచారాన్ని సరిదిద్దించుకునే, చెరిపించుకునే హక్కు ఇస్తుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి వాటి తర్వాత 18 నెలల గడువు పెట్టారు. ఫలానా మనిషిని గుర్తుపట్టగల ఏ సమాచారమైనా వ్యక్తిగత డేటాయే అని చట్టం నిర్వచనం. ఆ లెక్కన ‘మంగళ, శుక్రవారాలు తీరిక ఉండదు’ అన్న పిల్ల నోటు కూడా ఆమె డేటాయే. కంపెనీలు ఈ వాదన ఒప్పుకుంటాయో లేదో మొదటి ఫిర్యాదు వచ్చినప్పుడు తేలుతుంది. ఆ ఫిర్యాదు ఎవరో ఒకరు చేయాలి.

ఈలోగా చేతిలో ఉన్న పని చేసుకోవచ్చు. నోటు ఒక్కటే చెరిపి ఊరుకోకండి. అది పుట్టిన చాట్ మిగిలితే, అందులోంచి అదే నోటు మళ్లీ పుట్టగలదు. ముందు చాట్, తర్వాత నోటు, ఆ తర్వాత దాని చుట్టూ పేరుకున్న మిగతా వాక్యాలు. చాట్‌ను ఆర్కైవ్ చేస్తే చెరిపినట్టు కాదు. మరీ సున్నితమైన సంగతి అడగాల్సి వస్తే టెంపరరీ చాట్ వాడండి. చాట్‌జీపీటీలో అది మెమరీలోకి పోదు, సర్వర్ల నుంచి 30 రోజుల్లో పోతుంది. చివరగా ఒక్క మనవి. మెమరీ పేజీ తెరిచి మొదటి నుంచి చివరిదాకా చదవండి. అందులో మీ గురించి కన్నా మీ ఇంట్లోవాళ్ల జబ్బులు, అప్పులు, గొడవల గురించే ఎక్కువ ఉండొచ్చు. వాళ్లకు ఆ ఖాతా లేదు, చెరిపే బటన్ లేదు. వాళ్ల తరఫున నొక్కాల్సింది మీరే.